అద్దె కారులో ఏ తేడా కొడితే ఏం చేయాలి: నల్గొండ, పాలమూరు దారులకు

శ్రీశైలం మొక్కు, అలంపూర్ దర్శనం, మిర్యాలగూడలో మేనకోడలి పెళ్లి, సాగర్ గేట్లు ఎత్తారని ఇంట్లో పిల్లల గోల. సొంత కారు లేనివాళ్లు, ఉన్నా సీట్లు చాలనివాళ్లు సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. కొందరు హైదరాబాద్‌లో యాప్‌లో బుక్ చేస్తారు. కొందరు నల్గొండ క్లాక్ టవర్ దగ్గరో, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనో తెలిసిన ట్రావెల్స్‌లో అడిగి తెచ్చుకుంటారు. దారిలో పడే తంటాలు మాత్రం ఇద్దరికీ దాదాపు ఒకటే. నేను చూసినంతలో వాటిలో ఇంజన్ తప్పు తక్కువ, తాళం చేతికొచ్చినప్పుడు చూడకుండా వదిలేసినవే ఎక్కువ. అందుకే ఏ సమస్యకు దారిలో ఏం చేయాలో చెప్తూనే, దాన్ని కారు తీసుకునేటప్పుడే ఎలా పట్టుకోవచ్చో కూడా రాస్తున్నాను.

## కారు బాగుంది, నంబర్ ప్లేటు మాత్రం తెల్లగా ఉంది

ఇది బండిని ఆపే సమస్య కాదు, బండి ఎక్కడైనా ఆగితే బయటపడే సమస్య. ట్యాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటాయి. సెల్ఫ్ డ్రైవ్‌కు అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు. తెల్ల ప్లేటు సొంత వాడకానికి మాత్రమే. అయినా మన జిల్లా కేంద్రాల్లో రోజు అద్దెకు తిరిగే కార్లలో తెల్ల ప్లేటువి బోలెడు. ఈఎంఐ బరువు తగ్గుతుందని ఎవరో ఒకరు తన కారును ట్రావెల్స్‌లో పెడతారు. అద్దె కారుగా రిజిస్టర్ చేయించాలంటే ట్యాక్స్, ఫిట్‌నెస్, ఎక్కువ ప్రీమియం అన్నీ నెత్తిన పడతాయి కాబట్టి ఆ పని చేయరు.

మీకేమిటి నష్టం అంటే, ప్రైవేటు కారు ఇన్సూరెన్స్ పాలసీలోనే అద్దెకు తిప్పకూడదన్న షరతు ఉంటుంది. దారిలో గుద్దుకుంటే కంపెనీ క్లెయిమ్ తిప్పికొట్టడానికి అది చాలు. "ఏం గాదన్నా, మా చుట్టాలే అని చెప్పుండ్రి" అని ఓనర్ ధైర్యం చెబుతాడు. ఆ అబద్ధాన్ని ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు, అవసరమైతే పోలీస్ స్టేషన్‌లో చెప్పాల్సింది మాత్రం మీరు.

ఓనర్ మాటల్లోనే ఒక గుర్తు దొరుకుతుంది. "మా బండికి ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ ఉంది, మీకు టోల్ ఖర్చే లేదు" అన్నాడంటే అది అద్దె కారు కాదన్నమాటే. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఆ పాస్ ప్రైవేటు కార్లు, జీపులు, వ్యాన్లకే ఇస్తారు, కమర్షియల్ బండ్లకు ఇవ్వరు.

డబ్బు కట్టకముందే కారు నంబర్ అడిగి ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టండి. ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, పొల్యూషన్ తేదీలు అక్కడే కనిపిస్తాయి. ఆర్సీ జిరాక్స్ చూపిస్తే తృప్తి పడకండి. నల్ల ప్లేటు దొరక్కపోతే నా సలహా పసుపు ప్లేటు కారును డ్రైవర్‌తో మాట్లాడుకోమనే. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఘాట్ రోడ్డు పోయేటప్పుడు డ్రైవర్ బత్తా ఏమంత బరువు కాదు.

లైసెన్స్ గురించి కూడా చాలామందికి అనుమానం ఉంటుంది. నల్ల ప్లేటు కారుకు వేరే బ్యాడ్జి అక్కర్లేదు, మామూలు ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్స్ సరిపోతుంది. 7500 కిలోల లోపు రవాణా వాహనాలను ఎల్ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా తేల్చింది.

## తిరిగి ఇచ్చాక డిపాజిట్‌లో కోత పెట్టారు

అసలు గొడవలన్నీ ఇక్కడే. ఇచ్చేటప్పుడు కుర్రాడు తాళం చేతిలో పెట్టి, "అంతా మంచిగనే ఉందన్నా" అని వెళ్లిపోతాడు. తిరిగి తీసుకునేటప్పుడు అదే కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ టార్చి వేసి, బంపర్ కింది అంచు వెంట గోటితో గీసుకుంటూ పోతాడు. గోరు ఎక్కడ తట్టుకుంటే అక్కడ వెయ్యో, రెండు వేలో. హైదరాబాద్‌లో ఒకచోట నాకు ఇలాంటి కింది గీతకే బంపర్ మొత్తానికి పెయింటింగ్ లెక్క కట్టారు. ఆ గీత నిలబడితే కనబడదు, వంగినా టార్చి లేకుండా కనబడదు. కారు తీసుకున్నప్పటి వీడియోలో అది అలాగే ఉంది కాబట్టి మాట మారింది.

కారణం ఒక్కటే. కారు ముందు ఎలా ఉందో చెప్పే రుజువు ఎవరి దగ్గరా ఉండదు. దాంతో ఒకే గీతకు ముగ్గురు కస్టమర్ల దగ్గర డబ్బు వసూలవుతుంది, కారు మాత్రం పెయింటింగ్ షెడ్డు మొహం చూడదు.

వీడియో తీయడం అందరూ చెప్పేదే. ఎలా తీయాలన్నదే అసలు సంగతి. ముందు తాళం ఆన్ చేసి డ్యాష్‌బోర్డు తీయండి: కిలోమీటర్ రీడింగ్, ఇంధనం ముల్లు, వెలిగి ఆరిన వార్నింగ్ లైట్లు. ఇంజన్ స్టార్ట్ అయ్యాక కూడా పసుపు లైటు ఏదైనా ఆరకుండా ఉంటే అక్కడే అడగండి. తర్వాత కారు చుట్టూ ఒక రౌండు నిలబడి, ఇంకో రౌండు కూర్చుని తీయండి. బంపర్ల నాలుగు మూలల కింద, డోర్ల కింద, వీల్ రిమ్ముల అంచున, అద్దాల వెనుక ప్లాస్టిక్ మీద. ముందు అద్దాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. విజయవాడ హైవే మీద కంకర టిప్పర్ల వెనుక తిరిగిన బండికి అద్దం మీద ఆవగింజంత దెబ్బ ఉండనే ఉంటుంది. బయట ఎండ, లోపల ఏసీ చలి కలిస్తే అది పాకి గీత అవుతుంది, ఆ అద్దం డబ్బులు మీ మీద పడతాయి. చివరగా డిక్కీ తెరిచి స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్, రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రికోణం కెమెరాకు చూపించండి. రాత్రి తీసుకున్న కారైతే దగ్గర్లోని పెట్రోల్ బంకు లైట్ల కింద ఆపి మరోసారి తీయాలి. బయల్దేరేలోపు ఆ వీడియోను ఓనర్ వాట్సాప్‌కు పంపితే తేదీ, టైము వాటంతట అవే నమోదవుతాయి. ఫోన్‌లోనే దాచుకుంటే దానికి అంత బలం ఉండదు.

ఇంకో ప్రశ్న ముందే అడగాలి, అడిగేవాళ్లు తక్కువ. కారు దెబ్బతిని షెడ్డులో ఉంటే ఆ రోజుల అద్దె ఎవరిది? చాలా అగ్రిమెంట్లలో అది కస్టమర్‌దే అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. రిపేరు ఖర్చు ఇన్సూరెన్స్‌లో పోయినా ఈ రోజువారీ అద్దె తడిసి మోపెడవుతుంది. ఎన్ని రోజుల వరకు, రోజుకు ఎంత అన్నది రాయించుకోండి. టైర్లు, అద్దాలు ఇన్సూరెన్స్‌లోకి వస్తాయా అన్నది కూడా.

ఇంత చేసినా డబ్బు ఆపితే, షెడ్డు బిల్లు చూపించమని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. బిల్లు లేని కోతకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. చాలాసార్లు అక్కడిదాకా పోనక్కర్లేదు, బిల్లు అడగ్గానే సగం కోత ఎగిరిపోతుంది.

## టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ పనిచేయడం లేదు

విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌గేటు దగ్గర పండుగ ముందు రోజు వెనుక కిలోమీటరు క్యూ ఉన్నప్పుడు ఇది జరిగితే వచ్చే టెన్షన్ వేరు. వెనుకవాడు హారన్ మోగిస్తుంటాడు, ముందు గేటు లేవదు.

కారణాల్లో ముందు వరుసలో ఉండేది బ్యాలెన్స్ లేకపోవడం. ట్యాగ్ ఓనర్‌ది, రీచార్జి ఎవరు చేయాలన్నది ఎవరూ మాట్లాడుకోరు. రెండోది, కేవైసీ పూర్తికాక ట్యాగ్ బ్లాక్‌లిస్టులో పడటం. రీచార్జి చేసినా ఇది పోదు. మూడోది, ట్యాగ్‌ను అద్దానికి అంటించకుండా డ్యాష్‌బోర్డు మీద పడేయడం. ఓనర్ ఒకే ట్యాగ్‌ను రెండు కార్లకు తిప్పుతున్నాడేమో కూడా చూడండి.

గేటు దగ్గర నిలబడి ఓనర్‌కు ఫోన్ చేసి రీచార్జి చేయించినా అది ఆ క్షణంలోనే లెక్కలోకి వస్తుందన్న నమ్మకం లేదు. బేరం పెట్టకుండా యూపీఐతో కట్టి బయటపడండి. 2025 నవంబరు 15 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం ట్యాగ్ పనిచేయని బండికి యూపీఐ అయితే ఒకటింబావు రెట్లు. అంటే 100 రూపాయల టోల్‌కు 125. రసీదు తీసుకుని ఫోటో వెంటనే ఓనర్‌కు పంపండి. ట్యాగ్ బాగుంచాల్సింది అతనే కాబట్టి ఆ పైన కట్టింది అతని లెక్కలోకే రావాలి.

కారు తీసుకునేటప్పుడు "ట్యాగ్‌లో ఎంత ఉంది, స్క్రీన్‌షాట్ పెట్టండి" అనడం చాలు. విజయవాడ వైపు పోతే పంతంగి, కొర్లపహాడ్ రెండు గేట్లు మన దగ్గరే తగులుతాయి. కర్నూలు వైపైతే రాయికల్, శాఖాపూర్, పుల్లూరు. రానూపోనూ లెక్కేసి బ్యాలెన్స్ పెట్టించుకోవాలి. హైవే మీద వేరే ఏ ఇబ్బంది వచ్చినా జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033 గుర్తుంచుకోండి, బండి ఆగిపోయినా దానికే చేయాలి.

## 80 దగ్గర కారు ముక్కుతోంది, లేదా బీప్ బీప్ అంటోంది

రెండూ వేర్వేరు. బీప్ అనేది రోగం కాదు. 2019 జూలై తర్వాత తయారైన కార్లన్నీ 80 దాటితే అప్పుడప్పుడు, 120 దాటితే ఆపకుండా అరుస్తాయి. ఎంత తొక్కినా 80 దాటకపోతే, కమర్షియల్ బండి కాబట్టి వేగం పెరగకుండా ఆపే స్పీడ్ గవర్నర్ పెట్టి ఉంటారు. దాన్ని పీకించడానికి దారిలో మెకానిక్‌ను వెతకొద్దు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం లెక్కలో పెట్టుకోండి. సగంలో బలం ఆగిపోతుంది, ఎదురుగా లారీ వస్తుంటుంది. దేవరకొండ, కల్వకుర్తి వైపు డివైడర్ లేని రోడ్ల మీద ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

## పొద్దున్నే సెల్ఫ్ తీసుకోవడం లేదు

చెవి పెట్టి వినండి. టక్ టక్ అని మాత్రమే శబ్దం వస్తూ డ్యాష్‌బోర్డు లైట్లు మందగిస్తే బ్యాటరీ. సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజన్ మాత్రం అందుకోకపోతే ఇంధనమో, తాళాన్ని కారు గుర్తుపట్టకపోవడమో. అసలు ఏ శబ్దమూ లేకపోతే తొంభై పాళ్లు మీరు క్లచ్ తొక్కలేదు, ఆటోమేటిక్ అయితే బ్రేకు తొక్కలేదు. కొత్త కారు చేతికొచ్చిన మొదటి ఉదయం చాలామంది ఓనర్లకు వచ్చే ఫోన్ ఇదే.

బటన్ స్టార్ట్ కారులో "కీ దొరకలేదు" అన్న సందేశం వస్తే రిమోట్‌లో సెల్ అయిపోయింది. రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కండి, చాలా కార్లలో స్టార్ట్ అవుతుంది. తలుపు తెరవడానికి రిమోట్ లోపలే చిన్న ఇనుప తాళం దాచి ఉంటుంది. తాళం తిరగకుండా స్టీరింగ్ బిగుసుకుంటే స్టీరింగ్‌ను అటూ ఇటూ కదుపుతూ తిప్పాలి.

బ్యాటరీ పడుకుందంటే వయసు అయిపోయి ఉండాలి, లేదా ఎవరూ తీసుకోక కారు రోజుల తరబడి నిలబడి ఉండాలి. అద్దె కార్లలో జీపీఎస్ పరికరం రాత్రీ పగలూ కొంచెం కొంచెం కరెంటు లాగుతూనే ఉంటుంది. జంపర్ వైర్లు దొరికితే ప్లస్‌కు ప్లస్ కలపండి, మైనస్ వైరు రెండో కొసను పడుకున్న బ్యాటరీకి కాకుండా ఇంజన్ దగ్గర ఖాళీ ఇనుముకు తగిలించండి. మాన్యువల్ కారైతే సెకండ్ గేరులో తోయించి లేపొచ్చు. ఆటోమేటిక్‌ను తోస్తే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే, పెద్ద ఖర్చు తప్పదు. స్టార్ట్ అయ్యాక అరగంటైనా ఆపకుండా నడపండి.

## ఏసీ గాలి వేడిగా వస్తోంది, టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

ఏప్రిల్, మే నెలల్లో నల్గొండ ఎండలో ఈ రెండూ అన్నదమ్ముల్లా వస్తాయి, కానీ జాగ్రత్తగా విడదీసి చూడాలి.

నడుస్తుంటే చల్లగా, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగా గాలి వస్తుంటే గ్రిల్ వెనుక ఉండే ఏసీ కండెన్సర్ మీద దుమ్ము పట్టి ఉంటుంది, లేదా దాని ఫ్యాన్ తిరగడం లేదు. పత్తి సీజన్‌లో జిన్నింగ్ మిల్లుల దారుల్లో తిరిగిన బండికి గ్రిల్ వెనుక దూది పొరలా పట్టుకుని ఉంటుంది, టార్చి వేస్తే కనబడుతుంది. వాటర్ సర్వీసింగ్‌లో తక్కువ ప్రెజర్‌తో కడిగిస్తే తేడా అక్కడే తెలుస్తుంది. గాలి చల్లగానే ఉండి ఊపు లేకపోతే గ్లోవ్ బాక్స్ వెనుక ఉండే ఫిల్టర్ మూసుకుపోయింది, దాన్ని తీసి దులపడానికి ఐదు నిమిషాలు చాలు. ఎప్పుడూ వేడే అయితే గ్యాస్ లేదు. దారిలో గ్యాస్ నింపించే ముందు ఓనర్‌ను అడగండి, లేకపోతే ఆ బిల్లు మీదే అవుతుంది. ఇవేవీ కాకపోతే బయటి గాలి లాగే బటన్ ఆన్‌లో ఉందేమో చూడండి. నవ్వకండి, చాలాసార్లు అదే.

ఇంజన్ వేడెక్కితే ఇంత తీరిగ్గా చూడటానికి వీల్లేదు. చిన్న కార్లలో ముల్లు కూడా ఉండదు, ఎర్ర లైటు ఒక్కటే వెలుగుతుంది. పొద్దున వెలిగే నీలం లైటు వేరు, ఇంజన్ ఇంకా చల్లగా ఉందని చెప్పేది అదే. ఎర్రది వెలిగితే ఏసీ ఆపేయండి, హీటర్ పూర్తిగా పెట్టి నీడ చూసి పక్కకు ఆపండి. లోపల ఉడికిపోతారు, కానీ ఇంజన్ వేడిని లాగేసేది అదే. బోనెట్ కింద ఆవిరి కనిపిస్తుంటే ఇంజన్ ఆపి దూరంగా నిలబడండి. రేడియేటర్ మూత మాత్రం తెరవొద్దు. మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. అరగంట పైగా ఆరాక తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ ఎంత ఉందో చూడాలి. తక్కువైతే కొంచెం నీళ్లు పోసి దగ్గర్లోని షెడ్డుకు మెల్లగా పోవచ్చు. మళ్లీ ఎర్ర లైటు వస్తే టోయింగ్‌కే ఫోన్ చేయాలి. వేడెక్కిన ఇంజన్‌ను "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని తోలితే, ఓనర్ ఇంజన్ డబ్బులు అడిగినప్పుడు వాదించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

## స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోంది

ముందు గాలి చూడండి. డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. ఎండలో వంద కిలోమీటర్లు నడిచాక గాలి ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు తీసేయించకండి. పొద్దున చల్లగా ఉన్నప్పటిదే లెక్క. గాలి సరిగ్గా ఉన్నా లాగితే అలైన్‌మెంట్. ఒక స్పీడులో మాత్రమే స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే డిస్క్ వంగింది. చివరిది ఉన్న కారుతో ఘాట్ ఎక్కొద్దు, మార్చమని అడగండి.

టైరు వయసు పక్కన నాలుగు అంకెల్లో ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారం. అద్దె కార్లలో ముందు రెండు టైర్లు కొత్తవి వేసి, వెనుకవి అరిగినవి ఉంచడం నేను తరచూ చూస్తాను.

స్టెప్నీ సంగతి చూడకుండా అచ్చంపేట దాటొద్దు. కొన్ని కార్లలో స్టెప్నీ మిగతా టైర్ల కంటే చిన్నది ఉంటుంది, దాని మీద 80కి మించి పోకూడదని రాసి ఉంటుంది. కొన్నింట్లో అసలు ఉండదు, పంక్చర్ కిట్ ఇచ్చి ఊరుకుంటారు. అది పక్క గోడ చిరిగితే ఎందుకూ పనికిరాదు. స్టెప్నీలో గాలి ఉందా, వీల్ స్పానర్ ఆ కారు నట్లకు సరిపోతుందా అన్నది తాళం తీసుకున్నచోటే పెట్టి చూడండి. పక్క కారు స్పానర్ ఇందులో పడేసి ఉండటం అరుదేమీ కాదు.

## కారులో కాలిన వాసన

ముందుగా హ్యాండ్ బ్రేకు దించారో లేదో చూడండి. దించే ఉంటే, వాసన ఎక్కడ మొదలైందన్న దాన్ని బట్టి కారణం మారుతుంది.

ఎక్కుడులో, ముందు బస్సు పాకుతుంటే వచ్చే వాసన క్లచ్‌ది. శ్రీశైలం పోయేటప్పుడు దోమలపెంట దాటాక నది దాకా దిగుడు, వంతెన దాటాక మళ్లీ ఎక్కుడు. ఆగి కదిలే చోట హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెడితే ప్లేటు కాలిపోతుంది. ఇంజన్ రొద పెరిగి కారు మాత్రం కదలకపోతే పని అయిపోయినట్టే. ఆగినప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, ముందు ఖాళీ వచ్చాకే కదలండి. వాసన మొదలైతే వెడల్పు చోటు చూసి ఇరవై నిమిషాలు ఆపండి. క్లచ్ ప్లేటు ఖర్చు ఇన్సూరెన్స్‌లో రాదు, ఏ ఓనరూ వదలడు.

దిగుడులో చక్రాల దగ్గర వాసన వచ్చి, బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి పోతుంటే బ్రేకులు వేడెక్కాయి. కారణం న్యూట్రల్‌లోనో, పై గేరులోనో దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచడం. సెకండ్ గేరుకు దించండి, ఆటోమేటిక్‌లో ఎల్ గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడండి. ఆపాక చక్రాల మీద నీళ్లు గుమ్మరించొద్దు, డిస్కులు వంగిపోతాయి. గేరులో ఉంచి టైరు కింద రాయి పెట్టి ఆరనివ్వాలి.

మూడోది మన పల్లె దారుల్లో ఎదురయ్యేది. కోతల కాలంలో లోపలి రోడ్లు కల్లాలైపోతాయి. కంది కట్టె, ఉలవ తీగ రోడ్డుకు అడ్డంగా పరిచి, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని వదిలేస్తారు. కారు దాని మీదుగా పోతే తీగ ముందు చక్రాల యాక్సిల్‌కు చుట్టుకుంటుంది, సైలెన్సర్ గొట్టానికి తగిలి అంటుకుంటుంది. కొంచెం దూరం పోయాక కింద బరబరమని శబ్దం, గడ్డి కాలిన వాసన. వెంటనే ఆపండి, కానీ ఆ కట్టె మీద కాదు, ఖాళీ తారు మీద. ఇంజన్ ఆపి అందరినీ దింపి కిందికి చూడండి. పొగ లేకపోతే ఆరనిచ్చి కర్రతో లాగేయొచ్చు. మళ్లీ అలాంటి చోటు వస్తే పక్కన నిలబడ్డ రైతును అడిగితే ఒక పక్కకు జరిపి దారి ఇస్తాడు. "జర మెల్లగ పో సారూ" అంటాడు, అంతే.

వడ్ల కుప్పలతో ప్రమాదం ఇంకో రకం. నల్గొండ, సూర్యాపేట పల్లె రోడ్ల మీద సగం రోడ్డు వడ్లు, వాటి మీద నల్ల పట్టా, అంచుకు రాళ్లు. రాత్రి హెడ్‌లైట్ వెలుగులో నల్ల పట్టా తారు రోడ్డులాగే కనిపిస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, మళ్లీ ఏప్రిల్, మేలో చీకటి పడ్డాక హైవే దిగి అడ్డదారి చూపించే మ్యాప్‌ను నమ్మొద్దు.

## గేటు మూసేశారు, గంటలు దాటిపోతున్నాయి

శ్రీశైలం దారిలో మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మొదలవుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు. అటు నుంచి వచ్చేవాళ్లకూ ఇదే లెక్క. అద్దె కారును రాత్రి పన్నెండుకు తిరిగి ఇస్తామని బుక్ చేసుకుని, దర్శనం ఆలస్యమై గేటు దగ్గర చిక్కుకునేవాళ్లు ప్రతి కార్తీకంలో, శివరాత్రిలో కనిపిస్తారు. ఆలస్యానికి గంటకు ఇంత అని అద్దె కంటే ఎక్కువ వేస్తారు. శ్రీశైలానికి బుక్ చేస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా చేయండి. తేడా చిన్నదే, అడవిలో తొందరపడి తోలే పని తప్పుతుంది.

అడవిలో చాలా దూరం సిగ్నల్ ఉండదు. ఫోన్ యాప్‌తో తలుపులు తెరిచే కారైతే ఇక్కడ తాళం మీ చేతిలోనే ఉండాలి, లోపల పెట్టి దిగొద్దు. ట్యాంకు కూడా అడవిలోకి పోకముందే నింపుకోండి.

ఇక "మీరు అనుమతి లేని ప్రాంతంలో ఉన్నారు" అని ఓనర్ నుంచి మెసేజ్ వస్తే, సరిహద్దు దాటారన్నమాట. శ్రీశైలం వంతెన, సాగర్ వంతెన, అలంపూర్ చౌరస్తా దాటాక తుంగభద్ర, మక్తల్ దాటాక కృష్ణ: వీటి అవతల వేరే రాష్ట్రం. తెలంగాణ వరకే అనుమతి ఉన్న కమర్షియల్ కారుకు అక్కడ పర్మిట్, ట్యాక్స్ సమస్య వస్తుంది. బుక్ చేసేటప్పుడు "శ్రీశైలం" అని కాకుండా "ఆంధ్రలోకి పోతున్నాం" అని చెప్పి, సరేనన్న మాట రాతలో తీసుకోండి.

## కింద గుద్దుకుంది, నీళ్లలోంచి పోవాల్సి వచ్చింది

పల్లెల్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లకు లెక్కలేదు. కింద దభీమని తగిలితే వెంటనే ఆపి చూడండి. ఏసీ నీళ్లు కారడం మామూలే. నల్లగా, జిగటగా కారితే ఇంజన్ ఆయిల్. ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేయొద్దు.

వానాకాలంలో లోలెవెల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే తిరిగి వెళ్లిపోవడమే. ఇంజన్‌లోకి నీళ్లు పోతే మామూలు పాలసీలో డబ్బు రావడం కష్టం, దానికి వేరే కవర్ ఉండాలి. నీళ్లలో ఆగిపోయిన కారుకు మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టడం ఇంజన్‌ను చేతులారా విరగ్గొట్టడమే.

బంకులో పెట్రోల్ కారులో డీజిల్ పోశారా? స్టార్ట్ చేయకుండా ఉంటే ట్యాంకు ఖాళీ చేయిస్తే సరిపోతుంది. ట్యాంకు మూత మీద ఏ ఇంధనమో చూసి నోటితో చెప్పండి. మూత ఏ పక్కన ఉందో ఇంధనం ముల్లు పక్కన ఉండే చిన్న బాణం చెబుతుంది.

## కారు ఇచ్చేశాక వారానికి చలాన్ వచ్చింది

కెమెరా చలాన్ కారు నంబర్ మీద వస్తుంది కాబట్టి ముందు ఓనర్‌కు చేరుతుంది, అతను మీకు పంపుతాడు. అందులో మీది కానిదీ కలుస్తుంది. కారు తీసుకున్న రోజే తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో నంబర్ కొట్టి, పెండింగ్ ఎన్ని ఉన్నాయో స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇచ్చేటప్పుడు తిరిగి ఇచ్చిన టైమును వాట్సాప్‌లో రాయండి, "సాయంత్రం ఆరున్నరకు కారు అప్పగించాను, రీడింగ్ ఇంత" అని. తర్వాత చలాన్ పంపితే దాని మీద తేదీ, టైము, చోటు, ఫోటో ఉంటాయి. కారు మీ దగ్గరున్న టైములోదైతే నేరుగా సైట్‌లోనే కట్టి రసీదు పంపండి, ఓనర్‌కు ఫోన్‌పే చేయొద్దు. అతను ఆ డబ్బు తీసుకుని చలాన్ కట్టకపోతే అది పెండింగ్‌లోనే ఉంటుంది, తర్వాతి కస్టమర్‌కు మళ్లీ చూపిస్తాడు.